తుపాకీలో పట్టిన ప్రతి తూటా దానిది కాదు: తూటా, తుపాకీ జత కుదిర్చే సమగ్ర మార్గదర్శి

మన దేశంలో ఆయుధాల దుకాణానికి వెళ్లి ".32 తూటాలు ఒక పెట్టె ఇవ్వండి" అంటే అనుభవమున్న దుకాణదారు వెంటనే పెట్టె తీయడు. "రివాల్వర్‌కా, పిస్టల్‌కా?" అని ముందు అడుగుతాడు. లైసెన్సు మీద పౌరులు కొనగలిగే చేతి తుపాకుల్లో .32 రివాల్వర్ ఉంది, .32 పిస్టలూ ఉంది. రెంటికీ అదే అంకె, తూటాలు మాత్రం వేరు. రివాల్వర్‌ది 1896 నాటి .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, దాని తొడుగు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. పిస్టల్‌ది 1899 నాటి .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్), పొడవు 17 మిల్లీమీటర్లు. పొడవైన తూటా పిస్టల్ మ్యాగజైన్‌లో పట్టదు కాబట్టి ఆ పొరపాటు అక్కడితో ఆగిపోతుంది. పొట్టి తూటా మాత్రం చాలా రివాల్వర్ల సిలిండర్‌లోకి సులువుగా దిగుతుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది కూడా. అమెరికా ప్రమాణాల ప్రకారం రివాల్వర్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. చూడటానికి చిన్నదిగా ఉన్న పిస్టల్ తూటాకు 20,500. పాత రివాల్వర్ సిలిండర్ ఆ తేడాను ఎన్నిసార్లు భరిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

పట్టని తూటాతో మహా అయితే కాసేపు విసుగు. పట్టే తప్పు తూటాతోనే చేతులు, కళ్లు పోతాయి. "చాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) దిగింది కదా" అన్న ఒక్క మాట మీద నమ్మకం పెట్టుకోకుండా, తుపాకీ మీది రాతను, తూటా మీది రాతను అక్షరం అక్షరం సరిచూసుకోవడం ఎలాగో కింద చెబుతున్నాను. ఇది లైసెన్సు ఉన్నవారికి, క్లబ్బుల్లో సాధన చేసేవారికి, విదేశాల్లో అక్కడి చట్టం ప్రకారం రేంజ్‌లకు వెళ్లే మనవాళ్లకు.

ముందుగా తూటా గురించి నాలుగు మాటలు

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి, ఉక్కు లేదా ప్లాస్టిక్ తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, కొసన బుల్లెట్. పన్నెండు బోరు లాంటి తుపాకుల్లో బుల్లెట్ బదులు సీసపు పెల్లెట్లు, వాటికీ మందుకూ నడుమ వాడ్ అనే అడ్డు బిళ్ల ఉంటాయి. పేలినప్పుడు తొడుగు ఒక్క క్షణం ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుపోతుంది. వాయువు వెనక్కి రాకుండా మూసేది అదే. తొడుగు చాంబర్‌కు వదులైతే పగులుతుంది, వేడి వాయువు షూటర్ ముఖం వైపు వస్తుంది. బుల్లెట్ బ్యారెల్‌కు లావైతే పీడనానికి దారి దొరకదు, తుపాకీయే విచ్చుకుంటుంది. తప్పు జత వల్ల జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఏదో ఒక రకానివి.

మొదటి అడుగు: తుపాకీ ఖాళీ అని తేల్చుకోండి

బ్యారెల్ సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా. మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాతే చాంబర్ తెరవండి. ఈ వరుస మారితే చాంబర్‌లోంచి తీసిన తూటా స్థానంలో మ్యాగజైన్‌లోంచి మరొకటి ఎక్కి కూర్చుంటుంది. కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. బ్యారెల్ మీది రాతలు చదవాలంటే తుపాకీని అటూ ఇటూ తిప్పక తప్పదు, అందుకే ఈ పని ముందు పూర్తి కావాలి.

బ్యారెల్ లోపల ఏదైనా అడ్డం ఉందేమో కూడా ఇప్పుడే చూడాలి. మన రాష్ట్రాల్లో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో అప్పగిస్తారు. వారాల తరబడి మూలన నిలబడిన గొట్టంలో తుప్పు పొర ఉండవచ్చు, పురుగు పెట్టిన మట్టి గూడు ఉండవచ్చు, శుభ్రం చేసి మరిచిపోయిన గుడ్డ పీలిక ఉండవచ్చు. అడ్డం ఉన్న బ్యారెల్‌కు సరైన తూటా కూడా తప్పు తూటాయే.

రెండో అడుగు: తుపాకీ మీది రాత చదవండి

పిస్టల్‌కు స్లైడ్ మీదో, తూటా బయటికి వచ్చే కిటికీలోంచి కనిపించే బ్యారెల్ భాగం మీదో రాసి ఉంటుంది. రివాల్వర్‌కు ఎక్కువగా బ్యారెల్ పక్కన, రైఫిల్‌కు చాంబర్ దగ్గర. రెండు గొట్టాల తుపాకీకైతే గొట్టాలను విడదీసి అడుగు భాగం చూడాలి. బోరు, చాంబర్ పొడవు, పరీక్ష ముద్రలు అక్కడే ఉంటాయి.

కనిపించిన రాతను పూర్తిగా కాగితం మీద రాసుకోండి. ".38" అని వదిలేయకుండా, ".38 స్పెషల్" అని ఉంటే అంతా. అంకె పక్కనున్న మాటను వదిలేయడం వల్లనే సగం పొరపాట్లు జరుగుతాయి. అంకెలు కొలతలని అనుకుంటాం గాని అవి చాలావరకు పేర్లు మాత్రమే. .38 స్పెషల్ బుల్లెట్ వ్యాసం నిజానికి .357 అంగుళం, .44 మాగ్నమ్‌ది .429.

లైసెన్సు పుస్తకంలో ఉన్న బోరుతో (గొట్టం కొలత పేరుతో) కూడా ఈ రాతను పోల్చండి. ఒకవేళ రెండూ కలవకపోతే తూటాలు కొనే ముందు లైసెన్సింగ్ అధికారి దగ్గర తేల్చుకోవలసిన విషయమది.

రాత చెరిగిపోయినా, బ్యారెల్ మార్చినట్టు అనుమానం వచ్చినా, తాతల నాటి తుపాకీ అయినా ఊహకు చోటివ్వకండి. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ తక్కువ వేడికి కరిగే లోహాన్ని చాంబర్‌లో పోసి, అచ్చు తీసి, కొలిచి చెబుతాడు. నాలుగు రకాల తూటాలు తెచ్చి ఏది దిగుతుందో చూద్దామనేవారు ఉంటారు. వాళ్ల పక్కన నిలబడకండి.

మూడో అడుగు: పెట్టె మీది రాత, తూటా అడుగు రాత

తూటా పేరు రెండు చోట్ల ఉంటుంది: పెట్టె మీద, తూటా అడుగున ప్రైమర్ చుట్టూ. రెండూ చదవాలి. పెట్టె ఒకటి, లోపల తూటాలు మరొకటి కావడం అరుదేమీ కాదు. రేంజ్‌లో మిగిలిన నాలుగు తూటాలను చేతికి దొరికిన పెట్టెలో వేసుకొని ఇంటికి తీసుకెళ్లే అలవాటు చాలామందికి ఉంది.

అడుగు ముద్ర చిన్నది, గీతలు పల్చన. నలభై దాటిన కళ్లకు భూతద్దం అవసరమైతే మొహమాటం వద్దు, ఫోను కెమెరాతో పెద్దది చేసి చూసినా చాలు. పౌర వినియోగానికి చేసిన తూటాల మీద సాధారణంగా తయారీదారు పేరు, తూటా పేరు రెండూ ఉంటాయి. సైనిక తూటాల మీద చాలాసార్లు కర్మాగారం గుర్తు, సంవత్సరం మాత్రమే. నాటో ప్రమాణానికి చేసినవాటి మీద వృత్తంలో కూడిక గుర్తు ఉంటుంది. మన ఖడ్కీ కర్మాగారం పాత ఇంగ్లిషు స్పెల్లింగులోని పొడి అక్షరాలు కేఎఫ్. సంవత్సరాన్ని చూసి బోరు అనుకోవడం, కర్మాగారం గుర్తును రకం పేరనుకోవడం కొత్తవాళ్లు చేసే తప్పులు. ముద్ర అర్థం కాని తూటాను వాడకండి.

తుపాకీ మీద రాసుకున్న పేరు, పెట్టె మీది పేరు, తూటా అడుగున ఉన్న పేరు. మూడూ ఒకటే అయితేనే ముందుకు వెళ్లాలి. పేర్లు వేరైనా ఒకటే అయిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: 9 ఎంఎం లూగర్, 9×19, 9 ఎంఎం పారాబెల్లమ్ మూడూ ఒకే తూటా. ఇలాంటి సమానత్వాన్ని తుపాకీ తయారీదారు మాన్యువల్ చెప్పాలి, పక్క లేన్‌లో నిలబడిన పెద్దమనిషి కాదు.

నాలుగో అడుగు: ఒకే అంకె ఉన్న కవలలను విడదీయండి

.32 సంగతి మొదటే చూశాం. అలాంటివి ఇంకా ఉన్నాయి.

9 మిల్లీమీటర్లు అనగానే సరిపోదు. 9×17 అంటే .380 ఏసీపీ, 9×18 అంటే మకరోవ్, 9×19 అంటే లూగర్, 9×21 మరొకటి. గుణకారం గుర్తు తర్వాతి అంకె తొడుగు పొడవు. మకరోవ్ బుల్లెట్ పేరుకు 9 గాని దాదాపు 9.27 మిల్లీమీటర్లు, లూగర్‌ది 9.01. మన దేశంలో 9×19 నిషిద్ధ బోరు కాబట్టి సామాన్య లైసెన్సుదారుకు ఈ గందరగోళం రాదు. అమెరికాలో ఉన్నవారికి ఇది రోజువారీ విషయం. డాలస్‌లోనో, అట్లాంటాలోనో వారాంతంలో స్నేహితులతో రేంజ్‌కు వెళ్తే ఒకే బల్ల మీద 9 ఎంఎం పిస్టల్, .40 పిస్టల్ పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి అచ్చంగా ఒకేలా. సన్నటి 9 ఎంఎం తూటా .40 చాంబర్‌లోకి జారి, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టుకుంటే పేలవచ్చు కూడా. తొడుగు ఉబ్బి పగులుతుంది. పిస్టల్ అద్దెకు తీసుకుంటే తూటాలు కూడా ఆ కౌంటర్‌లోనే తీసుకోవడం కొంచెం ఖరీదైనా మంచిది.

.38 స్పెషల్, .357 మాగ్నమ్ జత ఒక వైపు నుంచి మాత్రమే చెల్లుతుంది. .357 అని రాసి ఉన్న రివాల్వర్‌లో .38 స్పెషల్ వాడవచ్చు. తిరగేసి వాడకూడదు. మాగ్నమ్ తొడుగు దాదాపు 3 మిల్లీమీటర్లు పొడవు, .38 సిలిండర్‌లో దిగకుండా ఉండేందుకే అలా చేశారు. పీడనం .38 స్పెషల్‌కు 17,000 పౌండ్లయితే .357కు 35,000, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. పాతకాలపు .38లు కొన్నింటిలో చాంబర్ కొసదాకా తిన్నగా తొలిచి ఉంటుంది, వాటిలో మాగ్నమ్ దిగిపోతుంది. దిగడం అనుమతి కాదని మళ్లీ చెప్పేది అందుకే. .357లో .38లు ఎక్కువగా కాల్చేవారు చాంబర్‌లో పేరుకునే మసి వలయాన్ని తుడుస్తూ ఉండాలి, లేకపోతే తర్వాత పెట్టిన మాగ్నమ్ తూటా బిగుసుకుంటుంది.

.22లో లాంగ్ రైఫిల్, మాగ్నమ్ రెండున్నాయి. లాంగ్ రైఫిల్ తొడుగు వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, మాగ్నమ్‌ది 6.1. చిన్నది పెద్ద చాంబర్‌లో వదులుగా కూర్చుని పేలితే తొడుగు చీలి వాయువు వెనక్కి తన్నుతుంది. చిన్న తూటాయే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం గెలిచింది ఈ .22 లాంగ్ రైఫిల్ తూటాతోనే. దానికీ గరిష్ఠ పీడనం 24,000 పౌండ్లు.

ప్లస్ పి అనే గుర్తు కనిపిస్తే పేరు అదే, పరిమాణం అదే, పీడనం మాత్రం ఎక్కువని అర్థం. 9 ఎంఎం లూగర్ మామూలు తూటాకు 35,000, ప్లస్ పికి 38,500. తుపాకీ మాన్యువల్‌లో ప్లస్ పి వాడవచ్చని స్పష్టంగా ఉంటేనే వాడాలి. మాన్యువల్ ఏమీ చెప్పకపోతే వద్దని అర్థం చేసుకోండి.

ఐదో అడుగు: రైఫిల్ ఉన్నవారికి

మన దగ్గర ఎక్కువగా కనిపించేది .315 స్పోర్టింగ్ రైఫిల్. దీన్ని 8 ఎంఎం రైఫిల్ అని కూడా అంటారు, తికమక అక్కడే మొదలవుతుంది. .315 తూటా ఆస్ట్రియా మన్‌లికర్ రైఫిళ్ల 8×50 తూటా నుంచి వచ్చింది, దానికి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ప్రపంచంలో మిగతాచోట్ల 8 ఎంఎం అంటే చాలామందికి గుర్తొచ్చేది జర్మన్ 8×57 మౌజర్. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ 8×57లో కూడా రెండు తెగలున్నాయి: 1905కు ముందరి .318 అంగుళం బుల్లెట్, ఆ తర్వాతి .323. లావైనదాన్ని పాత సన్న బ్యారెల్‌లో కాల్చడం ఆత్మహత్యతో సమానం. .303 మన దేశంలో నిషిద్ధ బోరు. ఇంట్లో పాత పెట్టెలో .303 తూటాలు దొరికితే .315లో పడతాయేమో అని చూడటం కూడా వద్దు.

అమెరికాలో ఏఆర్ తరహా రైఫిల్ ఉన్నవారు తెలుసుకోవలసిన జతలు రెండు. మొదటిది .223 రెమింగ్టన్, 5.56 నాటో. తొడుగులు బయటికి ఒకేలా ఉంటాయి. 5.56 చాంబర్‌లో బుల్లెట్‌కు ముందున్న ఖాళీ కాస్త ఎక్కువ, తూటా పీడనం కూడా ఆ ఖాళీకి తగ్గట్టే ఎక్కువ. అందుకే 5.56 అని రాసిన రైఫిల్‌లో .223 కాల్చవచ్చు, .223 అని మాత్రమే రాసినదానిలో 5.56 కాల్చకూడదు. రెండూ కాల్చేలా ".223 వైల్డ్" అనే చాంబర్‌తో వచ్చే బ్యారెళ్లు ఉన్నాయి, ఆ మాట బ్యారెల్ మీద రాసి ఉంటుంది.

రెండోది ఇంతకంటే చాలా ప్రమాదకరం: .300 బ్లాకౌట్. 2011లో ప్రమాణీకరించిన ఈ తూటాను .223 తొడుగును పొట్టి చేసి, నోరు వెడల్పు చేసి తయారు చేశారు. అదే మ్యాగజైన్, అదే బోల్ట్, బ్యారెల్ మాత్రమే వేరు. ఆ సౌకర్యమే దీని ఆకర్షణ, దీని శాపమూ అదే. పొట్టి బుల్లెట్ ఉన్న .300 బ్లాకౌట్ తూటా .223 చాంబర్‌లోకి కొన్నిసార్లు బలవంతంగానైనా ఎక్కేస్తుంది. 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల దారిలో దూరలేదు. రైఫిల్ బద్దలవుతుంది. రెండు రైఫిళ్లూ ఉన్నవారు మ్యాగజైన్ల రంగులు వేరుగా ఉంచుకోవాలి, ఒక రోజు రేంజ్‌కు ఒక్కటే తీసుకెళ్లాలి. రంగు పట్టీలు కట్టి రెండూ తీసుకెళ్లేవారున్నారు. నా దృష్టిలో రంగు పట్టీ మంచిదే, రెండో రైఫిల్‌ను ఇంట్లో ఉంచడం అంతకంటే మంచిది.

ఆరో అడుగు: పన్నెండు బోరు, దాని బంధువులు

తెలుగు పల్లెల్లో లైసెన్సు తుపాకీ అంటే చాలాచోట్ల పన్నెండు బోరే. పంట కాపలాకు తీసుకున్నవి, పాత జమీందారీ ఇళ్ల నుంచి వారసత్వంగా వచ్చినవి. కాబట్టి దీని దగ్గర కాస్త నిలబడదాం.

బోరు లెక్క విచిత్రమైనది. ఒక పౌండు సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో పన్నెండు బోరు గొట్టం అంత: 18.5 మిల్లీమీటర్లు. ఇరవై గుండ్లు చేస్తే చిన్నవి వస్తాయి కాబట్టి ఇరవై బోరు సన్నం, 15.6 మిల్లీమీటర్లు. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుందన్నమాట. .410 మాత్రం ఈ లెక్కలో లేదు, అది నేరుగా అంగుళాల కొలత.

ఇప్పుడు అన్నిటికంటే చెడ్డ జత. ఇరవై బోరు తూటా అంచు వ్యాసం దాదాపు 19.5 మిల్లీమీటర్లు. పన్నెండు బోరు చాంబర్ దానికంటే వెడల్పు, గొట్టం దానికంటే ఇరుకు. పొరపాటున ఇరవై బోరు తూటా వేస్తే అది చాంబర్‌ను దాటి జారిపోయి, గొట్టం ఇరుకయ్యే చోట ఇరుక్కుని, కంటికి కనబడకుండా కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమనే శబ్దం తప్ప ఏమీ ఉండదు. తూటా వేయడం మరిచిపోయాననుకుని మనిషి ఈసారి పన్నెండు బోరు తూటా వేస్తాడు. అది చక్కగా పడుతుంది. పేలగానే ముందున్న ఇరవై బోరును తాకుతుంది, ఎడమ చేయి పట్టుకున్న చోటే గొట్టం చీలుతుంది. అమెరికాలో ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు తొడుగు వేయడం ఈ ప్రమాదం వల్లే. ఇతర దేశాల తూటాలకు, పాత కాగితపు తూటాలకు ఆ రంగు ఉంటుందన్న భరోసా లేదు. కాబట్టి ఇంట్లో రెండు బోర్లూ ఉంటే తూటాలు వేర్వేరు తాళాల కింద, వేర్వేరు సంచుల్లో ఉండాలి. చొక్కా జేబులో మిగిలిపోయిన తూటాను ప్రతిసారీ తీసి చూడాలి.

తర్వాత పొడవు. చాంబర్లు 65, 70, 76, 89 మిల్లీమీటర్లవి ఉంటాయి, అంగుళాల్లో రెండున్నర, రెండు ముప్పావు, మూడు, మూడున్నర. తూటా మీద రాసే పొడవు పేలిన తర్వాత నోరు విచ్చుకున్న తొడుగు పొడవు. పేలని తూటా అంతకంటే సుమారు సెంటీమీటరు పొట్టిగా ఉంటుంది. అందువల్ల 76 తూటా 70 చాంబర్‌లో హాయిగా దిగుతుంది, పేలినప్పుడు నోరు విచ్చుకోవడానికి చోటు లేక ఇరుకులో ముడుచుకుంటుంది, పీడనం పెరిగిపోతుంది. కొలబద్ద పెట్టి చూసి సరిపోయిందనుకోవడం ఇక్కడ పనికిరాదు. రాత చూడాలి. పొట్టి తూటా పొడవు చాంబర్‌లో వాడవచ్చు, పొడవు తూటా పొట్టి చాంబర్‌లో వాడకూడదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వచ్చిన ఇంగ్లండు తుపాకులు ఎక్కువగా 65వి. ఇవాళ దుకాణంలో సులువుగా దొరికేవి 70వి.

ఆ పాత తుపాకుల్లో గొట్టం మీద నీళ్లలో అలల్లాంటి మెలికల గీతలు కనిపిస్తే అది డమాస్కస్ బ్యారెల్ కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికి చేసిన గొట్టమది. చాలావరకు పాతకాలపు పొగ మందుకు చేసినవి. నేటి పొగలేని మందు పీడనం అవి తట్టుకుంటాయో లేదో పైకి చూసి చెప్పలేం, అతుకుల లోపలి తుప్పు కంటికి కనిపించదు. ఇంగ్లండులో తుపాకులను పరీక్షించే బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813 నుంచి ఉంది, అక్కడ పొగలేని మందుకు పరీక్షించిన గొట్టాలకు విడిగా ముద్ర వేసేవారు. ఆ ముద్ర ఉన్నా అది నాటి పరిస్థితికే సాక్ష్యం. గోడకు అలంకారంగా బాగుంటుంది, కాల్చాలనుకుంటే గన్‌స్మిత్ చూసిన తర్వాతే.

గొట్టం కొసన చోక్ (పెల్లెట్లు చెదరకుండా ఇరుకు చేసిన భాగం) ఎంత బిగుతో కూడా తెలుసుకోవాలి. ఉక్కు పెల్లెట్లు సీసంలా నలగవు, పాత తుపాకుల బిగువైన చోక్‌ను దెబ్బతీస్తాయి. ఒకే పెద్ద గుండు ఉన్న తూటాలను తయారీదారు చెప్పిన చోక్‌లోనే వాడాలి. ట్రాప్ షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే ఆట) సాధన చేసేవారికి మరో హద్దు కూడా ఉంది: అంతర్జాతీయ పోటీల్లో పెల్లెట్ల బరువు 24 గ్రాములు దాటకూడదు. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ లాంటి ట్రాప్ షూటర్లు పోటీల్లో వాడేవి ఆ తేలిక తూటాలే. కొత్తవారి భుజానికీ అవే మంచివి.

ఏడో అడుగు: పేరు కలిసినా తూటా ఆరోగ్యం చూడండి

మన కోస్తా గాలిలో ఇత్తడి నిలవదు. తోలు బెల్టు అరల్లో నెలల తరబడి ఉంచిన తూటాలకు ఆకుపచ్చటి కిలుం పడుతుంది, అది ఇత్తడిని తినేస్తుంది. కాగితపు తొడుగులు తేమకు ఉబ్బి చాంబర్‌లో ఇరుక్కుంటాయి. తూటాలకు నూనె రాయడం సంరక్షణ అనుకుంటారు కొందరు, పలుచటి నూనె ప్రైమర్‌లోకి దిగి దాన్ని చంపుతుంది. నొక్కుపడినవి, బుల్లెట్ లోపలికి కుంగినవి, వదులైనవి, పగుళ్లున్నవి పక్కన పెట్టేయండి. బుల్లెట్ కుంగితే లోపలి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. ఎవరో ఇంట్లో మళ్లీ మందు నింపిన తూటాలు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. పెట్టె మీద ఏం రాసినా, లోపల ఎంత మందు ఉందో నింపినవాడికే తెలియాలి.

ఎనిమిదో అడుగు: కాల్చేటప్పుడు చెవి, భుజం చెప్పేది వినండి

కళ్లద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకోకుండా మొదలుపెట్టకండి. బల్ల మీద ఒక సమయంలో ఒకే తుపాకీ, ఒకే రకం తూటాలు. కొత్త పెట్టె విప్పినప్పుడు మొదట ఒక్క తూటా మాత్రమే వేసి కాల్చండి, ఖాళీ తొడుగు తీసి చూడండి. తొడుగు ఉబ్బినా, చీలినా, ప్రైమర్ చుట్టూ మసి కనిపించినా, తొడుగు బయటికి రావడానికి మొండికేసినా ఆ పెట్టెను ఆపేయండి.

తూటా పేలకపోతే వెంటనే తెరవకండి. బ్యారెల్ లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఇంతకంటే మోసకరమైనది నీరసంగా పేలిన తూటా: శబ్దం తక్కువ, భుజానికి తన్ను తక్కువ, కాగితం మీద రంధ్రం లేదు. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుందని అర్థం. రెండో తూటా కాల్చితే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఆపండి, ఖాళీ చేయండి, రేంజ్ అధికారిని పిలవండి. వేగంగా కాల్చేవాళ్లకు ఈ తేడా వినపడదు, అందుకే నేర్చుకునే రోజుల్లో ఒక్కొక్కటిగా కాల్చమంటారు.

ఎయిర్ రైఫిల్ గురించి ఒక్క మాట

గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్. బజారులో 5.5వి కూడా దొరుకుతాయి. పెద్దది చిన్నదానిలో దూరదు, చిన్నది పెద్దదానిలో జారిపోతుంది. గాడులున్న ఎయిర్ రైఫిల్ బ్యారెల్‌లో గుండ్రటి ఉక్కు బీబీలు వేస్తే గాడులు పోతాయి. అంతకు మించి ఇక్కడ చిక్కు లేదు.

మీ తుపాకీకి చెందని తూటాలు దొరికితే

పాత బీరువాలోనో, చనిపోయిన పెద్దల సామాన్లలోనో తూటాలు దొరుకుతుంటాయి. వాటిని నలగ్గొట్టడం, మంటలో వేయడం, బావిలో పడేయడం వద్దు. ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు లేని తూటాలు దగ్గర ఉంచుకోవడమే నేరం, లైసెన్సు ఒక బోరుకు ఉండి తూటా మరో బోరుది అయినా సమస్యే. స్థానిక పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి. పనికిరాని సొంత తూటాల విషయంలో లైసెన్సున్న డీలర్‌ను అడగండి, పుస్తకంలో లెక్క సరిచేయించుకోండి.

రేంజ్‌కు వాడిన సంచినే ప్రయాణానికి వాడేవారు ఒక పని తప్పక చేయాలి. అన్ని అరలూ తిరగేసి, దులిపి, కుట్ల మడతల్లో వేలు పెట్టి చూడాలి. అమెరికాలో వారాంతపు సరదాకు మిగిలిన ఒక్క .22 తూటా శంషాబాద్ విమానాశ్రయం స్కానర్‌లో కనిపిస్తే, తుపాకీ లేకపోయినా, ఉద్దేశం లేకపోయినా ముందు విమానం తప్పుతుంది, ఆ తర్వాత స్టేషన్‌లో వివరణ మొదలవుతుంది. రేంజ్ సంచి వేరు, సూట్‌కేసు వేరు అని పెట్టుకుంటే సరిపోతుంది.